గాదె లేని ఇంట్లో రైతుకు బేరం లేదు

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు రెండు రాత్రుల ముందు మా అత్తయ్య, మామయ్య రోడ్డు మీద పడుకున్నారు. కోత మిషను దింపిన ధాన్యం తారురోడ్డు మీద రాశి పోసి ఉంది. పైన బరకాలు కప్పారు, అవి ఎగిరిపోకుండా అంచుల మీద ఇటుకలు పెట్టారు. లారీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేదు. వాళ్ల ఇల్లు అక్కడికి ఇరవై అడుగుల దూరం కూడా ఉండదు. ఐదేళ్ల కిందట కట్టించిన స్లాబు ఇల్లు. మూడు పడగ్గదులు, రెండు అటాచ్డ్ బాత్రూమ్‌లు, హాల్లో తళతళలాడే టైల్స్. "లోపలికి మోయించెయ్యొచ్చు కదత్తయ్యా" అని ఫోన్లో అన్నాను. "ఎక్కడ పొయ్యమంటావురా, మంచాల మీదా?" అంది.

ఆ మాట నా చెవిలో ఇంకా మోగుతోంది. ముప్పై ఏళ్ల కిందట అదే స్థలంలో ఒక పెంకుటిల్లు ఉండేది. వంద బస్తాల ధాన్యం ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. ధాన్యానికి చోటు చూసుకున్నాకే మనుషులకు గదులు వేసుకున్నారు.

పల్లెటూరి పాత ఇళ్ల గురించి ఈ మధ్య చాలా రాస్తున్నారు, వీడియోలు తీస్తున్నారు. మండువాలో పడే వాన, చెక్క స్తంభాలు, అరుగు మీద కబుర్లు. చూస్తుంటే నాకూ మనసు అటే లాగుతుంది. కానీ ఆ ఇళ్ల గొప్పతనమంతా అందంలోనే ఉందనుకుంటే అసలు నష్టం మన కంటికి ఆనదు. పాత పల్లె ఇల్లు పని జరిగే చోటు. పంట, పశువు, మగ్గం, విత్తనం అన్నిటికీ అందులో స్థలం ఉండేది. పెంకు దింపి స్లాబు పోసిన రోజే ఆ పనిని కూడా ఇంట్లోంచి దింపేశాం. దాంతోపాటు రైతుకున్న కాస్తో కూస్తో బేరమాడే సత్తువ కూడా పోయింది. నా ఫిర్యాదంతా దాని గురించే.

ఏ ప్రాంతం ఇల్లు ఆ ప్రాంతం పనికి తగ్గట్టే ఉండేది. గోదావరి, కృష్ణా జిల్లాల్లో మండువా లోగిలి, పక్కనే గొడ్ల చావడి, పెరట్లో గడ్డిమేటు. తెలంగాణలో భవంతి ఇల్లు, చుట్టూ అర్రలనే గదులు, అర్రల్లో ధాన్యం పోసే గుమ్ములు. రాయలసీమలో మట్టి మిద్దె. దంతెల మీద మట్టి పరిచి, వాన దిగకుండా పైన చవుడు పోసేవారు. ఆ మిద్దె మీదే వేరుశనక్కాయలు, మిరపకాయలు ఎండేవి, వేసవి రాత్రుల్లో ఇంటిల్లిపాదీ పడుకునేవారు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో గంగపుత్రుల చుట్టిల్లు గాలికి ఎదురు నిలవదు. తాటాకు కప్పు నేలకు దగ్గరగా దిగి ఉంటుంది కాబట్టి గాలి దాని చుట్టూ జారిపోతుంది.

ఇవన్నీ ఎందుకు పోయాయో ఊళ్లో పెరిగిన ఎవరికైనా తెలుసు. అన్నదమ్ములు పంచుకున్నారు, మండువా మధ్యలో గోడ లేచింది. పెంకులు చేసే కుమ్మరి ఆ పని మానేశాడు. టేకు దూలం ధర మనిషికి అందనంత పైకి పోయింది. ఏటా వానల ముందు పెంకు సర్దే మనుషులు దొరకడం మానేశారు, సర్దిన పెంకును కోతులు బతకనివ్వలేదు. పెంకుటిళ్లను కూల్చిన వాటిలో కోతులది పెద్ద చెయ్యి, ఇది పట్నంలో చెబితే నమ్మరు. ఇక పెళ్లిచూపుల్లో మొదటి ప్రశ్న "స్లాబు ఇల్లేనా?" అన్నది. జగిత్యాల, నిజామాబాద్‌లకు గల్ఫ్ డబ్బు వచ్చింది, రాజంపేట, రాయచోటిలకు కువైట్ డబ్బు, గుంటూరు, కృష్ణా పల్లెలకు అమెరికా డబ్బు. డబ్బు ఏ దేశం నుంచి వచ్చినా కట్టిన ఇల్లు మాత్రం ఒక్కటే, హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లోని ఫ్లాటును తెచ్చి పొలం పక్కన పెట్టినట్టు.

ఎండ సంగతి ఒక్క మాటలో చెప్పి ముందుకు వెళ్తాను, ఎందుకంటే దాని గురించి అందరూ చెబుతూనే ఉన్నారు. మూరెడు మందం మట్టిగోడ గుండా పగటి వేడి లోపలికి చేరేసరికి బయట చల్లబడుతుంది. నాలుగైదు అంగుళాల స్లాబు సాయంత్రానికే పెనంలా కాలి, రాత్రంతా ఆ సెగ మంచం మీదికి దింపుతుంది. 2015 మే వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేలకు పైగా జనం చనిపోయారు. అంత జరిగాక కూడా ప్రభుత్వ ఇంటి నమూనాలో పైకప్పు మారలేదు.

ఇప్పుడు గాదె దగ్గరికి వస్తాను.

మా అమ్మమ్మ గారింట్లో గాదె వసారా చివర ఉండేది. మూడు వైపులా గోడ, నాలుగో వైపు చెక్క పలకలు. అటూ ఇటూ రెండు నిలువు చెక్కలకు గాడి తీసి, ఆ గాడిలోంచి పలకల్ని ఒకదాని మీద ఒకటి దించేవారు. ప్రతి పలక మీద ఉలితో కొట్టిన గీతలు. మొదటి దానికి ఒకటి, రెండో దానికి రెండు, అలా. ధాన్యం పోస్తున్నకొద్దీ పలక మీద పలక ఎక్కేది, వాడుతున్నకొద్దీ ఒక్కోటి దిగేది. అడుగు చెక్కను నేలకు జానెడు ఎత్తున పెట్టి, కింద గాలి ఆడేలా ఖాళీ వదిలారు. ఎలుకల కోసం మా అమ్మమ్మ పిల్లి అక్కడే కాపు కాసేది. "గాదె కింద పందికొక్కు" అని తిట్టడం వినే ఉంటారు, ఆ తిట్టు పుట్టింది ఆ ఖాళీలోనే. మేం పిల్లలం గాదె ఎక్కి ధాన్యంలోకి దూకితే ఒళ్లంతా నూగు దురద పెట్టేది, ఆనక వీపు మీద అమ్మమ్మ చెయ్యి.

అమ్మమ్మకు లెక్కల పుస్తకం లేదు. గాదె వైపు చూసి "ఇంకా నాలుగు పలకలున్నాయి, కొత్త పంట దాకా ఢోకా లేదు" అనేది. ధాన్యం కొనే షావుకారు సంక్రాంతి వెళ్లగానే వచ్చి అరుగు మీద కూర్చుని ఒక ధర చెప్పేవాడు. మా తాతయ్య విని, కండువా దులుపుకుని, "చూద్దాంలెండి, ఎండలు ముదరనివ్వండి" అనేవారు. షావుకారు మజ్జిగ తాగి వెళ్లిపోయేవాడు, మళ్లీ వచ్చేవాడు. రెండోసారి చెప్పే ధర మొదటి ధర కాదు. మా తాతయ్య పెద్ద ఆసామి ఏమీ కాదు, నాలుగెకరాల రైతు. ఆయన "చూద్దాంలెండి" అనగలిగారంటే వెనకాల ఆ చెక్క పలకలు ఉండబట్టే.

ఇది ఉన్నవాళ్ల ఇళ్ల ముచ్చట మాత్రమే కాదు. గాదె పెట్టుకునేంత ఇల్లు లేనివాడు పెరట్లో పురి కట్టేవాడు. వరిగడ్డితో లావుపాటి తాడు పేని, దాన్ని గుండ్రంగా చుట్టుకుంటూ పోయి, లోపల ధాన్యం నింపి, పైన గడ్డి కప్పితే ఏ వానకూ తడిసేది కాదు. తెలంగాణలో వెదురుతో అల్లి పేడ, మట్టి అలికిన గుమ్ములు. మెట్ట ప్రాంతాల్లో జొన్నలకు నేలలో పాతర. ఈనాడు "పాతరేశారు" అంటే పూడ్చిపెట్టి మరచిపోయారనే అర్థం వస్తోంది. మన తాతలకు ఆ మాట రేపటి తిండి దాచుకోవడం.

కోత మిషను రాకముందు వరి కోసి, పనలు ఆరాక కుప్ప వేసేవారు. గింజ వెన్నుకు ఉండగానే కుప్పలో మెల్లగా ఆరేది. తీరిక చూసుకుని నూర్చి, తూర్పారబట్టి బండికెత్తి ఇంటికి తోలుకునేవారు. కోతకీ అమ్మకానికీ మధ్య వారాలు, నెలలు ఉండేవి. మిషను వచ్చాక ఆ వ్యవధి గంటల్లోకి కుదించుకుపోయింది. ఉదయం చేలో ఉన్న గింజ మధ్యాహ్నానికి పచ్చిగా రోడ్డు మీద పడుతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. ఆరబెట్టే కళ్లం లేదు, దాచే గాదె లేదు, ఆకాశంలో మబ్బు. అప్పుడు ఎవరు ఏ ధర చెప్పినా, బస్తాకు ఎన్ని కిలోల తరుగు తీసినా తల ఊపడం తప్ప రైతు చేసేదేముంది? 2024-25లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. అంటే 75 కిలోల బస్తాకు 1,725. ఆ ధర బోర్డు మీద ఉంటుంది, నిజమే. నాలుగు రోజులు ఆగగలిగిన రైతు దాన్ని అడుగుతాడు. ఆగలేనివాడు పక్కన నిలబడ్డ దళారి చేతిలో పెట్టింది తీసుకుంటాడు.

మద్దతు ధర గురించి మనం ఏటా కొట్టుకుంటాం. ధర్నాలు, రాస్తారోకోలు, అసెంబ్లీలో వాగ్వాదాలు. రైతు ఎన్ని రోజులు ఆగగలడు అన్న ప్రశ్న మాత్రం ఏ పార్టీ వాళ్లూ అడగరు. రైతు ధర చివరికి తేలేది ఆ ప్రశ్న దగ్గరే, దానికి జవాబు రైతు ఇంట్లో ఉంది. మార్కెట్ యార్డులో సరుకు పెట్టి అప్పు తీసుకునే పథకాలు ఉన్నాయి, గోదాములూ ఉన్నాయి. కానీ రెండెకరాల మనిషి అరవై బస్తాలు ట్రాక్టరుకెత్తి, పాతిక కిలోమీటర్లు తోలి, అక్కడ వరసలో నిలబడి, కాగితాలు రాయించుకుని వచ్చేసరికి ఆ లాభం కాస్తా కిరాయికే చెల్లు. తన గుమ్మంలోంచి కనిపించే ధాన్యంతో ఆయన ఆడగలిగే బేరం వేరు.

దీనికి పెద్ద ఇల్లు కావాలా? లెక్క వేసి చూశాను. ఏడడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు ఉన్న కొట్టులో అరవై బస్తాల ధాన్యం పడుతుంది. ఎకరాకు ముప్పై బస్తాల లెక్కన రెండెకరాల పంట. అంటే మొత్తం 49 చదరపు అడుగులు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు నుంచి ఇచ్చిన ఇళ్ల స్థలాలు ఊళ్లలో సెంటున్నర, అంటే దాదాపు 650 చదరపు అడుగులు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు, దానికి 1.80 లక్షల రూపాయలు. చదరపు అడుగుకు 530 రూపాయలు పడుతుంది. ఆ డబ్బుకి ఇల్లు పూర్తికాదని కట్టుకున్నవాళ్లందరికీ తెలుసు కాబట్టి రెట్టింపు వేసుకుందాం. అలా చూసినా ఆ కొట్టుకు అయ్యేది 52 వేలు. నెల రోజులు ఆగితే బస్తాకు 150 రూపాయలు ఎక్కువ వచ్చిందనుకోండి, పంటకు 9 వేలు. ఆరు పంటల్లో కొట్టు ఖర్చు తీరిపోతుంది. ధాన్యం ఆరబెట్టడానికి స్లాబు ఉండనే ఉంది. సీమ మిద్దె మీద వేరుశనక్కాయలు ఎండినట్టే వడ్లూ ఎండుతాయి. మా ఊరి కాలనీలో సగం ఇళ్లకు స్లాబు మీదికి మెట్లు లేవు. డబ్బులు చాలక మెట్లు తర్వాత కట్టుకుందామని వదిలేశారు, ఆ తర్వాత అన్నది రాలేదు.

ఇంకో సంగతి ఉంది, దీన్ని తలచుకుంటే నాకు నిద్ర పట్టదు. డెల్టాలో నేల దున్నేవాళ్లలో చాలామంది కౌలుదార్లు. భూమి ఉన్నవాళ్లు విజయవాడలోనో హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉన్నారు. ఊళ్లో వాళ్ల పెద్ద ఇల్లుంది, తాళం వేసి ఉంది, అందులో గాదె గది చెక్కు చెదరకుండా ఉంది. ఆ తాళం ముందు రోడ్డు మీద కౌలు రైతు ధాన్యం తడుస్తోంది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు కార్డు రావాలన్నా భూమి యజమాని ఒప్పుకోవాలి. పొలం మీద హక్కు లేనివాడికి గాదె మీద హక్కు ఎక్కడిది? కౌలు సమస్య అంటే అప్పులు, నష్టపరిహారం అని మాట్లాడతాం. దాచుకునే చోటు కూడా అందులో భాగమని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఊళ్లో తాళం పడి ఉన్న అలాంటి ఒక్క ఇంటిని పంచాయతీ అద్దెకు తీసుకుని కౌలుదార్లకు ఉమ్మడి గాదెగా ఇస్తే, ఆ ఇంటికి చెద కూడా పట్టదు.

మగ్గం కథా ఇదే. మంగళగిరి, చీరాల, పోచంపల్లి, ఉప్పాడ ఎక్కడ చూసినా నేతగాడి ఇల్లంటే సగం గుంటమగ్గమే. మట్టి నేలలో గుంట తీసి అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుంటారు. ఆ మట్టిలోని చల్లదనం, తేమ వల్లే పోగు తెగకుండా ఉంటుంది. పడుగును, అంటే నిలువు పోగుల్ని, చాచి గంజి పెట్టడానికి వీధి పొడవు కావాలి. ఆ కుటుంబానికి కాలనీలో ఒక పడగ్గది, హాలు, వంటగది ఇచ్చి, గృహప్రవేశం ఫోటో తీసుకుని వెళ్లిపోతే మగ్గం ఎక్కడ దిగాలి? పనిలో కష్టం ఉంది, కాదనను. చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం కనిపెట్టింది ఇంట్లో వాళ్లమ్మ భుజాలు పడిపోయేలా ఆసు పోయడం, అంటే నేతకు ముందు చేత్తో పోగును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పడం, చూసే. ఆయన కష్టాన్ని తగ్గించారు, పనిని ఇంట్లోనే ఉంచారు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చాం. ఆ ఆలోచనను ఇళ్ల పథకంలోకి మాత్రం తీసుకోలేదు.

అదే 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమ కుటుంబాలకు యూనిట్‌కు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చింది. ఆ రోజుల్లోనే 560 చదరపు అడుగుల డబుల్ బెడ్రూమ్ ఇళ్లూ కట్టింది. రెండూ పేదవాడి మేలు కోరినవే. రెండు శాఖలు ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే ఆ ఇంటి నమూనాలో ఒక దొడ్డి గీసి ఉండేవారు. ఇరవై ఒక్క జీవాలు రాత్రి ఎక్కడ పడుకోవాలి?

నాతో వాదించేవాళ్లు చెప్పేదీ నాకు తెలుసు, అందులో నిజమూ ఉంది. మండువా లోగిలి అందరిదీ కాదు. ఆ అరుగు మీద కూర్చున్నవాళ్లెవరో, కింద చేతులు కట్టుకు నిలబడ్డవాళ్లెవరో ఊరికి తెలుసు. ఊరి చివర పాకల్లో బతికినవాళ్లకు పాత ఇల్లంటే కారే కప్పు, ఎండాకాలం నిప్పు భయం. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తాటాకు ఇళ్లను మనుషులతో సహా ఊడ్చుకుపోయింది. స్లాబు ఇల్లు వాళ్లకు గౌరవం, ప్రాణరక్షణ. ఇంట్లో మరుగుదొడ్డి వచ్చాకే ఆడవాళ్లు చీకటి కోసం ఎదురుచూడటం మానేశారు. దీన్లో ఒక్క అక్షరం కూడా నేను కాదనను. పాకలోకి వెళ్లమని ఎవరికీ చెప్పను. ఆ స్లాబు కిందే పనికి చోటు అడుగుతున్నాను. అది ఎక్కువ అవసరమైంది కూడా ఆ కాలనీల్లో ఉన్నవాళ్లకే, ఎందుకంటే ఇవాళ కౌలు చేస్తున్నదీ, గేదెను మేపుతున్నదీ వాళ్లే.

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చేస్తున్నది చూడండి. చాలామంది దళిత మహిళలు, చిన్న కమతాలు. విత్తనాన్ని బూడిదతో, వేపాకుతో కలిపి వెదురు బుట్టల్లో పోసి, మూతిని మట్టితో మెత్తి ఇంట్లోనే దాస్తారు. వాన పడిన రోజున విత్తనం కోసం వాళ్లు దుకాణం ముందు చెప్పులు వరసలో పెట్టి కాచుకోరు. 2019లో ఆ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. ఆ బుట్టలు పట్టేంత మూల ఇంట్లో ఉండబట్టే అదంతా సాధ్యమైంది.

ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ కొత్తగా ఇళ్లు లేస్తున్నాయి. తెలంగాణలో 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షలు ఇస్తున్నారు, 400 చదరపు అడుగులకు తగ్గకూడదంటున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో వచ్చిన ప్రభుత్వం ఊళ్లలో 3 సెంట్లు ఇస్తామంది. నేల రెట్టింపవుతోంది, మంచిదే. ఆ పెరిగిన సెంటున్నరలో ఏం కట్టాలో దరఖాస్తు రోజునే అడగండి. నువ్వు చేసే పనేంటమ్మా అని ఒక్క గడి ఆ కాగితంలో పెట్టండి. రైతయితే కొట్టు, పాడి ఉంటే పశువుల పాక, నేతగాడయితే మగ్గం గది, చేపలు పట్టేవాళ్లయితే వల ఆరేసి దాచుకునే చోటు. బిల్లు దాన్ని బట్టి ఇవ్వండి. ఇచ్ఛాపురంలో జాలరికీ, మడకశిరలో వేరుశనగ రైతుకూ ఒకే నమూనా గీసి పంపించడం ఇక ఆపండి.

మొన్న వేసవిలో మా మేనమామ కొడుకు కొత్త ఇంటికి ముగ్గు పోయించాడు. తనూ కౌలుకు చేస్తాడు, రెండున్నర ఎకరాలు. మేస్త్రి తాడు పట్టుకుని హాలు, రెండు పడగ్గదులు, వంటగది, బాత్రూమ్ గీశాడు. వెనక వైపు కాస్త జాగా మిగిలింది. "అక్కడ మూడో బెడ్రూమ్ వస్తుందండీ, అటాచ్డ్" అన్నాడు మేస్త్రి. మావాడు కాసేపు అక్కడే నిలబడి, చేతిలోకి ముగ్గు తీసుకుని తనే వంగి ఏడడుగులు ఇటు, ఏడడుగులు అటు గీత గీశాడు. అమ్మమ్మ గారింటి గాదె పలకలు పశువుల పాకలో మూల పడి ఉన్నాయట, ఐదు బాగానే ఉన్నాయి, మిగతావి చెదలు తినేశాయి. "అడుగు చెక్క ఎత్తు ఎంత పెట్టించమంటావు బావా?" అని అడిగాడు. జానెడు చాలన్నాను. పిల్లి దూరాలి కదా.